వానలకు ముందు పంపులు, మోటార్లు బిగించేటప్పుడు జాగ్రత్తలు

జూన్‌లో వానలు పడకముందే హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల షెడ్లలో పంపులు, మోటార్లు విప్పి సర్వీసు చేస్తారు కనుక, తిరిగి బిగించే ముందు ఈ కింది విషయాలు చూసుకోవాలి.

షాఫ్టుపై బేరింగ్ కూర్చునే చోట ఎర్రటి పొడి కనిపిస్తే తుడిచేసి బిగించకండి. కంటికి ఆనని కదలికతో, మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండని రాపిడితో ఉక్కు అరిగి ఆక్సైడుగా మారిందనడానికి అది గుర్తు; అక్కడే సన్నని పగుళ్లు మొదలై, నడుస్తుండగానే షాఫ్టు విరగవచ్చు కాబట్టి డై పెనెట్రెంట్ పరీక్ష (రంగు ద్రవం పూసి పగుళ్లను బయటపెట్టేది) తప్పనిసరి. అల్యూమినియం భాగాల్లో ఈ పొడి నల్లగా ఉంటుంది, గ్రీజు మురికి అనుకుని వదిలేస్తారు.

షాఫ్టు కొలతను మైక్రోమీటరుతో చూడాలి, ఫిట్ (షాఫ్టుకు, బేరింగుకు మధ్య బిగువు) వదులుగా ఉంటే కొత్త బేరింగ్ వేసినా రాపిడి ఆగదు. పంచ్‌తో గాట్లు కొట్టి బిగువు తెప్పించడం మన షెడ్లలో వాడుకలో ఉన్న పద్ధతే గానీ, అది మరమ్మతు కాదు.

స్టాండ్‌బై (అవసరానికని నిలిపి ఉంచిన) మోటారు షాఫ్టును వారానికోసారి తిప్పి వేరే కోణంలో ఆపండి, పక్క యంత్రం అదురుకు నిలిచి ఉన్న బేరింగులోనూ గుంటలు పడతాయి.

బోల్టులను టార్క్ రెంచితోనే (కొలిచిన బిగువుకు బిగించే పానా) బిగించాలి, వదులైన జోడింపు కదులుతూ అరుగుతుంది.