తుమ్మికూర ఎట్ల గుర్తుపట్టాలె, ఎట్ల వండాలె

వినాయక చవితి దగ్గరికొచ్చిందంటే మా ఇంట్ల పత్రి కంటే ముందు తుమ్మికూర కోసం వెతుకులాట మొదలైతది. 21 పత్రిలల్ల దీని పేరు లేదు గానీ తెలంగాణల చానా ఇండ్లల్ల ఆ రోజు తుమ్మికూర వండాల్సిందే. తులసి, మరువం, పుదీన అన్నీ దీని చుట్టాలే, కాకపోతే ఇది వాటిలెక్క ఘుమఘుమలాడదు, చేదు.

పండుగ ముందురోజు సికింద్రాబాద్ మోండా మార్కెట్ల, రైతుబజార్లల్ల కట్టలు పెట్టి అమ్ముతరు, కానీ అండ్ల వేరే గడ్డి కూడ కలిసొస్తది కాబట్టి ఒక్కొక్క కాడ పట్టి చూసుకోవాలె. కాడని వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలు తగలాలె, ఆకులు సన్నగ, ఎదురెదురుగ ఉండాలె, కణుపుల దగ్గర గుండ్రటి బుడిపె, అండ్లకెల్లి చిన్న తెల్లపూలు, కింది పెదవి ముందుకు చాపినట్టు ఉంటయి. పలకలు ఒక్కటే చూసి నమ్మకున్రి, లాంటానా కాడకి కూడ పలకలుంటయి. పువ్వు తెలుపు కాకుంటే పక్కన పడేయున్రి.

మీరే తెంపుకుంటా అంటే వానలు పడ్డంక హైదరాబాద్ దగ్గర చేవెళ్ల, శంకర్‌పల్లి దిక్కు బీడు భూములల్ల, చేన్ల గట్ల మీద దొరుకుతది. నాలా పక్కన, రోడ్డు పక్కన, గడ్డిమందు కొట్టిన చేన్ల ఉన్నది మాత్రం అస్సలు ముట్టొద్దు. లేత కొసలే తెంపాలె, ముదిరిన కాడ ఎంత ఉడికినా పీచే.

ఇగ వండుడు. మొదటిసారి నేను పాలకూర లెక్క డైరెక్ట్ పోపుల వేసిన, మా ఆయన ఒక్క ముద్ద తిని నీళ్ల చెంబు అందుకున్నడు 😅 అప్పుడు అత్తమ్మ చెప్పింది, ముందు ఉడకబెట్టి పిండాలె అని. ఆకు 3 సార్లు కడిగి, ఉప్పేసిన నీళ్లల్ల 5 నిమిషాలు ఉడికించి, నీళ్లు వంపి గట్టిగ పిండున్రి. మరీ రెండుసార్లు పిండితే చేదంతా పోయి ఉత్త గడ్డి తిన్నట్టుంటది, కొంచెం చేదు ఉంటేనే తుమ్మికూర. నూనెల ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు, పసుపు, తర్వాత ఆకు. పప్పు పలుకు మీద ఉన్నప్పుడే చిక్కటి చింతపండు పులుసు, ఉప్పు, కారం వేసి దగ్గరికి రానియ్యాలె. దించే ముందు వేయించిన నువ్వుల పొడి 2 స్పూన్లు, ఇది మర్చిపోవద్దు, చేదుని అదుపుల పెట్టేది అదే. పండుగ రోజు మేము ఎల్లిపాయ వెయ్యం, మామూలు రోజైతే దంచి వేస్తం.

మిగిలితే తెల్లారి జొన్నరొట్టెలకి పెట్టుకోన్రి, పులుపు బాగా పట్టి ఉంటది.