ఫ్రాన్స్‌లో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్: ఫ్రెంచ్ మాట్లాడటం ఎలా నేర్చుకోవాలి?

ఎక్స్ఛేంజ్ మీద లియోన్‌కో గ్రెనోబుల్‌కో వచ్చి, సెమిస్టరంతా ఉండి, 'బోంజూర్, మెర్సీ' దగ్గరే ఆగిపోయి తిరిగి వెళ్లే మన పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. క్లాసులు ఇంగ్లిష్‌లో, గదిలో తెలుగు. ఇక ఫ్రెంచ్ ఎప్పుడు మాట్లాడతారు?

బయల్దేరే ముందే ఏ1 స్థాయి, అంటే మొట్టమొదటి మెట్టు, పూర్తి చేయండి. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. ఒక నోట్‌బుక్, ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలు. ఫోన్ యాప్‌లలో పాయింట్లు పెరుగుతాయి కానీ నోరు తిరగదు.

దిగిన వారంలోనే యూనివర్సిటీలో విదేశీయులకు చెప్పే ఫ్రెంచ్ క్లాసులో పేరు రాయించుకోండి. ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్ఎఫ్ఐలో తేలిక ఫ్రెంచ్‌లో వచ్చే పది నిమిషాల వార్తలు రోజూ వినండి. తెలుగువాళ్లతో కలిసి గది తీసుకోవద్దు. అద్దె తక్కువైనా సరే, వద్దు.

అసలు కష్టం కౌంటర్ దగ్గర. మీరు ఫ్రెంచ్‌లో మొదలుపెడతారు, మీ యాస వినగానే ఎదుటివాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. చాలామంది అక్కడే వదిలేస్తారు. వాళ్లు మిమ్మల్ని చిన్నచూపు చూసి మారలేదు, పని త్వరగా తెమలాలని మారారు. కాబట్టి రద్దీ లేని వేళ చూసుకోండి. మధ్యాహ్నం భోజనాల సమయంలో బేకరీ ముందు క్యూ ఉంటుంది, అప్పుడు ప్రాక్టీస్ చేయకండి. మూడింటికి వెళ్లండి.

లోపలికి అడుగుపెట్టగానే 'బోంజూర్' అనాలి. అది అనకుండా నేరుగా ఏం కావాలో అడిగితే అక్కడ అమర్యాద, ఆ తర్వాత ఎంత మంచి ఫ్రెంచ్ మాట్లాడినా పొడిగానే జవాబిస్తారు. మొదటి రెండు వాక్యాలు వీధిలోనే పైకి అనుకుని వెళ్లండి. ఇంగ్లిష్‌లో బదులొస్తే నవ్వుతూ 'జ ప్రెఫేర్ కోంతిన్యుయే ఆన్ ఫ్రాన్సే' అనండి, అంటే ఫ్రెంచ్‌లోనే కొనసాగిస్తానని. అర్థం కాకపోతే 'ప్లు లాంత్‌మాన్, సిల్ వూ ప్లే' అంటే నెమ్మదిగా చెబుతారు. 'నాకు ఫ్రెంచ్ సరిగా రాదు, సారీ' అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాటతో ఇంగ్లిష్‌కి మీరే తలుపు తెరిచినట్టు.

ఈ పట్టుదల డాక్టర్ దగ్గర, ఇంటి అగ్రిమెంట్ దగ్గర, వీసా కాగితాల దగ్గర చూపకండి. అక్కడ తప్పు అర్థమైతే నష్టం మీకే.

యాసలో ముందు ఒక్క ధ్వని సరిచేసుకోండి. 'ఈ' అని పలుకుతూనే పెదవుల్ని 'ఊ'కి చుట్టినట్టు చుట్టండి. 'నువ్వు' అనే అర్థంలో వాడే 'tu' అనే మాటలో ఆ అచ్చే ఉంటుంది. అది రాకపోతే 'tu' అన్నా, 'అంతా' అనే అర్థమున్న 'tout' అన్నా ఒకేలా వినిపిస్తుంది. పుస్తకంలో 'జ న సే పా' (నాకు తెలియదు) అని ఉన్నది బయట 'షే పా' అని వినబడుతుంది, టెన్షన్ పడకండి.

సెమిస్టర్ మధ్యలోనే డెల్ఫ్ అనే ఫ్రెంచ్ భాషా పరీక్షకు ఫీజు కట్టేయండి. ఆ సర్టిఫికెట్‌కి గడువు ఉండదు.