బాస్ క్లారినెట్ నేర్చుకుందాం – 3వ పాఠం: గాలి యాడ పోతోంది?

పోయిన పాఠం అయ్యాక కావలి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నాకు ఊపిరి చాలడం లేదు. కింది స్వరాలు పలకడమే లేదు. రేపట్నుంచి పొద్దున్నే లేచి పరిగెత్తుదామనుకుంటున్నా" అన్నాడు. పరిగెత్తితే మంచిదే గానీ, ముందు వాద్యం తీసుకుని నెల్లూరు రమ్మన్నాను. ఆదివారం పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. నేను ఊదినా అదే వరస. షడ్జం దాకా బాగానే దిగింది. అక్కణ్ణుంచి కిందికి పోతే కుండలో నీళ్లు కదిలినట్టు గుడగుడ. పాతికేళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదినవాణ్ణి, నాకే లొంగలేదంటే తప్పు వాడి ఊపిరిది కాదు.

ఏం దొరికిందో తర్వాత చెప్తాను. ముందు కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు.

మన బ్యాండు మేళాల్లో ఊదే మామూలు క్లారినెట్‌కు ఒక స్థాయి కింద పలికేది బాస్ క్లారినెట్. పొడుగాటి గొట్టం, పైన వంకర తిరిగిన నెక్, కింద పైకి తిరిగిన లోహపు బెల్. దూరం నుంచి చూస్తే శాక్సఫోన్ అనుకుంటారు. అలా అనుకోవడంలో కొంత న్యాయం ఉంది. 1838లో దీన్ని బాగుచేసి పేటెంటు తీసుకున్న బెల్జియం మనిషి అడాల్ఫ్ శాక్సే, ఆ తర్వాత శాక్సఫోన్ కూడా చేశాడు. దీని గొంతు ఎలా ఉంటుందో వినాలంటే రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ 1892 నాటి నట్‌క్రాకర్ బాలేలో షుగర్ ప్లమ్ నాట్యం వినండి. పైన గంటలు మోగినట్టు సెలెస్టా అనే మీటల వాద్యం వినిపిస్తుంది. దాని కింద ఒకటి మెట్లు దిగుతున్నట్టు జారుతుంది చూడండి, అదే మనది. జాజ్‌లో అయితే ఎరిక్ డాల్ఫీని వినండి. వినకుండా ఊదబోతే గొంతులో ఏ ధ్వని వెతుక్కోవాలో తెలియదు.

రెండో పాఠంలో మౌత్‌పీస్, నెక్ మాత్రమే పట్టుకుని ఊదాం. అందులో చెప్పింది ఒక్కటే. పొయ్యి మీంచి దించిన చేపల పులుసును చల్లార్చడానికి ఊదే ఊదు వద్దు. అద్దం మీద ఆవిరి పట్టించడానికి "హా" అంటామే, ఆ గాలి కావాలి. వెచ్చగా, నిదానంగా, గొంతు తెరిచి. మామూలు క్లారినెట్ వాయించి వచ్చినవాళ్లకు ఇదే కష్టం. అలవాటుగా పెదాలు బిగిస్తారు, రీడు (మౌత్‌పీస్‌కు బిగించే, ఊదితే అదిరే పల్చటి బద్ద) మూసుకుపోతుంది.

ఇక ముక్కలు కలపడం. నేలమీద దుప్పటి పరిచి, పెట్టె దాని మీద తెరవండి. కార్కు ఉన్నచోట కొంచెం గ్రీజు రాయండి. గ్రీజంటే క్లారినెట్‌కు అమ్మే కార్క్ గ్రీజు, మోటారు షెడ్డు గ్రీజు కాదు. ముందు కింది భాగానికి బెల్ తొడగండి. తర్వాత పై భాగాన్ని కింది భాగంలోకి తిప్పుతూ దించండి. ఇక్కడ తొందర పనికిరాదు. రెండు భాగాలు కలిసేచోట ఒక మీట కొన ఇంకో మీట మీదికి వంతెనలా వస్తుంది. కొన్నిటికి ఇలాంటివి రెండు ఉంటాయి. కలిపేటప్పుడు ఎడమచేత్తో పై భాగపు మూతల్ని నొక్కి పట్టుకుంటే ఆ వంతెన పైకి లేస్తుంది. లేవకుండా తిప్పితే కింది మీటకు తగిలి వంగుతుంది. ఒక వెంట్రుక వాసి వంగినా చాలు, వారం రోజులు మీరు మీ ఊపిరితిత్తుల్ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

కింద వాద్యాన్ని నేలకు ఆనించే పెగ్ ఉంటుంది కదా, దాన్ని ఎంత ఎత్తులో బిగించాలి? కుర్చీ అంచున నిటారుగా కూర్చోండి. మెడ వంచకుండా మౌత్‌పీస్ మీ నోటికి రావాలి. మీరు దాని దగ్గరికి వంగుతున్నారంటే పెగ్ పెంచండి. ఇంకో చిక్కుంది. మన ఇళ్లల్లో ఇప్పుడు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పరుస్తున్నారు, చుక్కలు మెరుస్తూ చూడ్డానికి బాగుంటుంది, పెగ్ మాత్రం సర్రున జారుతుంది. ముసలివాళ్ల చేతికర్రకు తొడిగే రబ్బరు బుష్ కొని పెగ్‌కు తొడగండి. పాత కార్పెట్ ముక్క వేసుకున్నా సరిపోతుంది.

ఇప్పుడు స్వరాలు. పుస్తకాల్లో సి, డి, ఇ అని ఉంటుంది. మనకు సరిగమలు తెలుసు కాబట్టి వాటితోనే పోదాం. ఈ వాద్యం మీద రాసిన సిని షడ్జం అనుకోండి. బయటికి వినిపించేది బి ఫ్లాట్, అంటే హార్మోనియం మీద ఆరున్నర శ్రుతి. పక్కన హార్మోనియం పెట్టుకుంటే సరిచూసుకోవచ్చు.

వేళ్లేవీ వేయకుండా ఊదితే వచ్చేది పంచమం. ఇదొక తమాషా, అన్నీ వదిలేస్తే ప. ఎడమ బొటనవేలు వెనక మూత మీద వేస్తే మధ్యమం. దానికి చూపుడు వేలు కలిపితే గాంధారం, మధ్య వేలు కలిపితే రిషభం, ఉంగరపు వేలు కూడా వేస్తే షడ్జం. ప మ గ రి స, శంకరాభరణం కిందికి దిగింది. ఒక్కో స్వరం నాలుగు లెక్కలు ఊదండి, రెండు లెక్కలు ఆగండి. ఈ అయిదూ నున్నగా వచ్చేదాకా కుడిచేయి జోలికి పోవద్దు.

తర్వాత ఎడమచేయి అలాగే ఉంచి కుడిచేత్తో దిగుతాం. కుడి మధ్య వేలు ఒక్కటే వేస్తే మంద్ర నిషాదం. అదేం విడ్డూరమంటే, చూపుడు వేలు ఒక్కటే వేస్తే దానికంటే అర మెట్టు కింద ఉండే కైశికి నిషాదం వస్తుంది, శంకరాభరణానికి అది కాదు. చూపుడు, మధ్య వేళ్లు రెండూ వేస్తే ధైవతం, మూడు వేళ్లూ వేస్తే పంచమం. చిటికెన వేలి మీటలతో మధ్యమం, గాంధారం. అన్నిటికంటే కింద ఇంకో మీట ఉంటుంది, దానితో ఇంకో అర మెట్టు దిగి సాధారణ గాంధారం వస్తుంది. మామూలు క్లారినెట్‌కు ఆ మీట ఉండదు. ఇల్లంతా కొంచెం అదిరినట్టు ఉంటుంది, మా ఇంట్లో గాజు బీరువా తలుపు కిర్రుమంటుంది.

కావలి అబ్బాయికి చిక్కు వచ్చింది సరిగ్గా ఇక్కడే. షడ్జం దాకా ఎడమచేయి ఒక్కటే. కుడిచేయి మొదలవగానే గుడగుడ. దీన్ని బట్టే సగం తెలిసిపోతుంది. ఏ స్వరం నుంచి చెడుతోందో చూస్తే గాలి యాడ పోతోందో దొరుకుతుంది. గొట్టంలో పైన చిల్లి ఉంటే దాని కింద ఉన్న స్వరాలన్నీ పాడవుతాయి. కింద చిల్లి ఉంటే పైన స్వరాలకేం కాదు. కాలవకు గండి పడితే పైమళ్లకు నీళ్లు అందుతాయి, కింది మళ్లు ఎండుతాయి చూడండి, అలాగన్నమాట.

వెతకడం ఇలా. మొదట మీ వేళ్లను అనుమానించండి. చాలా బాస్ క్లారినెట్లలో ఎడమ చూపుడు వేలి మూతకు నడిమధ్యన చిన్న రంధ్రం ఉంటుంది. అది మరీ పై స్థాయి స్వరాల కోసం పెట్టింది. ఇప్పుడు మనకు దాంతో పని లేదు, కానీ వేలు పక్కకు జరిగి అది తెరుచుకుంటే కింది స్వరాలు నాశనం. అద్దం ముందు కూర్చుని ఆ వేలిని చూసుకోండి.

వేళ్లు సరిగ్గా ఉన్నా పలకకపోతే, పై భాగాన్ని విడదీయండి. మూతలన్నీ మూసి, కింది కొసను అరచేత్తో గట్టిగా మూసి, పై కొస నుంచి గాలి లోపలికి పీల్చండి. బాగున్నదైతే నాలుక అతుక్కున్నట్టు పట్టుకుంటుంది, రెండు మూడు సెకన్లు ఆగి వదిలితే టప్పున శబ్దం వస్తుంది. పట్టు నిలవకుండా జారిపోతే ఎక్కడో కారుతోంది. సైకిల్ ట్యూబు అయితే నీళ్లల్లో ముంచేవాళ్లం, దీన్ని ముంచలేం కదా. అందుకని రాత్రిపూట లైటు ఆపి, వినాయక చవితి పందిట్లో కట్టే సన్న ఎల్‌ఈడీ తీగను గొట్టంలోకి దించండి. పవర్ బ్యాంకుతో వెలిగేదే వాడండి, గోడ ప్లగ్గుకు పెట్టేది వద్దు. ఒక్కో మూతను మామూలుగా ఎంత నొక్కుతారో అంతే నొక్కండి. అంచున వెలుతురు గీత కనపడితే అదే మీ దొంగ. బలంగా నొక్కి చూస్తే అన్నీ బాగున్నట్టే కనపడతాయి, మోసపోవద్దు.

వెలుతురు పనికిరానిచోట కాగితం. కొత్త చొక్కా మడతల మధ్య పల్చటి తెల్ల కాగితం వస్తుంది, దాన్ని అగ్గిపుల్లంత వెడల్పున కత్తిరించండి. మూత లోపల ఉండే మెత్తటి ప్యాడ్ కింద ఒక అంచున పెట్టి, మూత మూసి, మెల్లగా లాగండి. చుట్టూ నాలుగు వైపులా ఇలాగే చూడండి. ఒకవైపు పట్టి, ఒకవైపు ఊరికే జారితే ప్యాడ్ సమంగా కూర్చోలేదు.

కుర్రాడి వాద్యంలో పై భాగం గట్టిగానే ఉంది. కింద కుడి చూపుడు వేలి మూత దగ్గర కాగితం ఊరికే వచ్చేసింది. ప్యాడ్ చూస్తే కొత్తదే. రెండు భాగాలూ విడదీసి ఆ మూత ఒక్కదాన్నే నొక్కితే చక్కగా మూసుకుంటోంది. కలిపితే మూసుకోవడం లేదు. అప్పుడు వంతెన వైపు చూశాను. మీట కింద పల్చటి కార్కు ఉండాల్సిన చోట హవాయి చెప్పు రబ్బరు ముక్క, నీలం రంగుది, ఫెవిక్విక్‌తో అంటించి ఉంది. ఎవరు చేశారో తెలియదు, వాడు కొన్నప్పటి నుంచీ అలాగే ఉందట. రబ్బరు మందం ఎక్కువై, కుడిచేతి మూత పూర్తిగా కూర్చోకముందే వంతెన పైదాన్ని తాకి ఆగిపోతోంది. కంటికి కనపడనంత సందు. బ్లేడుతో రబ్బరు గీకేశాను, పల్చటి కార్కు అంటించి, గరుకు కాగితంతో రెండు సార్లు రుద్దాను. పావుగంట పని. మంద్ర పంచమం ఊదమన్నాను. వాడు అలవాటుగా రొమ్ము నిండా గాలి పీల్చి, కళ్లు మూసుకుని ఊదాడు. ఆ బలానికి ఎంత గట్టిగా వచ్చిందంటే వంటింట్లోంచి మా ఆవిడ ఏమైందని వచ్చింది.

చెప్పొచ్చేదేమిటంటే, ప్యాడ్ మార్చడం, మీట వంచడం మాత్రం మీరు చేయొద్దు. దొంగ ఎక్కడున్నాడో కనిపెట్టి, రిపేరు చేసేవాళ్లకు చూపించండి. "ఏదో తేడాగా ఉంది" అని ఇస్తే ప్యాడ్లన్నీ మార్చేసి బిల్లు వేస్తారు.

కొనేవాళ్లకు కూడా ఇదే పరీక్ష. మన జిల్లాలో ఇది షాపు అద్దాల్లో కనపడే వస్తువు కాదు. మద్రాసు పోవాల్సిందే. అక్కడ అన్నాశాలైలో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ లాంటి పెద్ద షాపుల్లో కూడా ముందు ఫోన్ చేసి అడిగి పోండి, లేకపోతే పినాకిని రైల్లో పోయి రావడమే మిగులుతుంది. కొత్తవి లక్షల్లో మాట. పాతది చూస్తే ఎల్‌ఈడీ తీగ, కాగితం ముక్క, మీ సొంత రీడు జేబులో పెట్టుకుని పోండి. బాస్ క్లారినెట్ రీడు దొరక్కపోతే టెనార్ శాక్సఫోన్ రీడు సరిపోతుంది, అది తేలిగ్గా దొరుకుతుంది. మొదట్లో రెండు లేదా రెండున్నర నంబరు చాలు.

కింద ఇ ఫ్లాట్ (ఇందాకటి సాధారణ గాంధారం) దాకా పోయేవి, ఇంకా కిందికి సి దాకా పోయేవి అని రెండు రకాలు. నేర్చుకునేవాళ్లకు మొదటిదే నయం. బరువు తక్కువ, మీటలు తక్కువ, చెడేవీ తక్కువ. కర్రదా, ప్లాస్టిక్‌దా అంటే నేను కళ్లు మూసుకుని ప్లాస్టిక్ అంటాను. యమహా వాళ్ల 221 రకం ఒళ్లంతా ఏబీఎస్ ప్లాస్టికే. "కర్ర నాదం వేరు" అని అనేవాళ్లుంటారు. నా కర్ర క్లారినెట్‌ను ఒక రోహిణి కార్తెలో రేకుల గదిలో వదిలి మూడు రోజులు పెళ్లి పనికి పోయాను. వచ్చేసరికి ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రం దాకా చీలిక. ఆ నాదం వేరే.

బొటనవేలి దగ్గర పైన ఉండే, స్వరాన్ని పైకి ఎగరేసే రిజిస్టర్ కీ సంగతి కూడా అడిగాడు కుర్రాడు. ఈ పాఠంలో ఒక్కసారి ముట్టుకుని వదిలేద్దాం. మంద్ర మధ్యమం ఊదుతూ ఆ కీ నొక్కండి. సన్నాయి వాయించినవాళ్లు పై మధ్యమం వస్తుందనుకుంటారు. రాదు, తార షడ్జం వస్తుంది. సన్నాయి గొట్టం కిందికి పోనుపోను వెడల్పవుతుంది, అందుకే ఊదు పెంచితే స్థాయి పెరుగుతుంది. మన గొట్టం మాత్రం దాదాపు పొడుగునా ఒకే లావు, రీడు వైపు మూసినట్టే లెక్క. అలాంటి గొట్టం రెండింతలకు ఎగరదు, ఏకంగా మూడింతలకు ఎగురుతుంది. అంటే మంద్ర మధ్యమం నుంచి వరసగా లెక్కపెడితే పన్నెండో స్వరం. ఆ దూకుడులో వేళ్లు ఎలా మార్చుకోవాలో వచ్చే పాఠంలో చూద్దాం.

ఈ వారం పని: రోజూ పావుగంట ప మ గ రి స, ఆ తర్వాత కుడిచేత్తో మంద్ర పంచమం దాకా. మంద్ర పంచమం పది లెక్కలు నిలిస్తే చాలు. అయ్యాక గొట్టంలో గుడ్డ లాగి తడి తీయండి, రీడు విప్పి తుడిచి డబ్బాలో పెట్టండి. పెట్టెలో పెట్టేటప్పుడు కూడా ముందు వంతెనను పైకి లేపి, అప్పుడే భాగాలు విడదీయండి.