పీఐడీపీఐ ఫిర్యాదు: పేరు బయటపడకుండా ఎలా పంపాలి?

కేంద్ర ప్రభుత్వ ఆఫీసులోనో, ప్రభుత్వ రంగ బ్యాంకులోనో అవినీతి కంటపడితే, పేరు గోప్యంగా ఉంచి ఫిర్యాదు తీసుకునే దారి ఒకటుంది: 2004 నాటి పీఐడీపీఐ (ప్రజాప్రయోజనం కోసం సమాచారం వెల్లడి, సమాచారం ఇచ్చినవారి రక్షణ) తీర్మానం. ఫిర్యాదు కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు వెళ్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రైవేటు కంపెనీలు దీని పరిధిలోకి రావు. మీ ప్రమోషన్ గొడవ కూడా రాదు. ఇలా ఫిర్యాదు చేసేవారి రక్షణకు 2014లో చట్టమే వచ్చిందిగా అంటారు కొందరు. పార్లమెంటు ఆమోదించింది గానీ అది ఇంకా అమల్లోకి రాలేదు.

కాగితాలు, కవరు, జిగురు చాలు. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైల్లో, ఎంత అన్నది రాయండి. క్లుప్తంగా రాయండి. చేత్తో రాయకూడదు, మీ దస్తూరి సెక్షన్లో అందరికీ తెలుసు. ఆఫీసు ప్రింటర్ జోలికి వెళ్లొద్దు.

అసలు చిక్కంతా పేరు దగ్గరే. కవరు మీద రాయకూడదు. అలాగని ఎక్కడా రాయకపోతే ఆకాశరామన్న ఉత్తరమని పక్కన పడేస్తారు. పేరు, అడ్రసు కవరు లోపలే ఉండాలి. ఉత్తరం మొదట్లోనో చివర్లోనో రాయొచ్చు, విడి కాగితం మీద రాసి జతచేయొచ్చు. ఫిర్యాదు మీదేనా అని కమిషన్ ఆ అడ్రసుకే రాసి అడుగుతుంది.

కవరును కమిషన్ కార్యదర్శి పేర పంపండి. పైన ఇంగ్లిషులో 'కంప్లైంట్ అండర్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్' అని గానీ, 'పీఐడీపీఐ' అని గానీ ఉండి తీరాలి. లేకపోతే అది మామూలు ఫిర్యాదే, గోప్యత ఉండదు.

ఇంత జాగ్రత్తపడీ ఒక్క వాక్యంతో దొరికిపోతారు. "నేను బిల్లు ఆపితే మేనేజరు తిట్టాడు" అని రాస్తే ఇక పేరెందుకు? "ఫలానా తేదీన ఆగిన బిల్లు మర్నాడే పాసయింది" అనండి.

మంత్రికి, పేపర్లకు కాపీలు పెట్టకండి. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాలపై ఇంజినీరు సత్యేంద్ర దూబే, తన పేరు బయటపెట్టొద్దని కోరుతూ ప్రధాని కార్యాలయానికి రాశాడు. ఆ ఉత్తరం చేతులు మారింది, పేరూ బయటికొచ్చింది. 2003లో గయలో అతన్ని కాల్చి చంపారు. ఈ తీర్మానం వచ్చింది ఆ తర్వాతే.

పంపాక రసీదు రాదు, ఫోన్లు చేయకండి. ఫిర్యాదు చేశారని మిమ్మల్ని వేధిస్తే, రక్షణ కోరుతూ మళ్లీ కమిషన్‌కే దరఖాస్తు పెట్టండి.