ఆన్‌లైన్‌లో 2100 దగ్గర ఆగిపోయిన చెస్ ఆటగాడు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మా మేనల్లుడు లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే వేగం ఆట) ఆడతాడు. రెండేళ్ల కిందట రేటింగ్‌లో (ఆట బలాన్ని చూపే అంకెలో) 2100 దాటాడు. ఇప్పటికీ అక్కడక్కడే తిరుగుతున్నాడు. ఒక వారం 2150 చూపిస్తాడు, మళ్లీ వారానికి 2060. సంక్రాంతికి వచ్చినప్పుడు "మామయ్యా, నా ఓపెనింగ్స్ బాలేవు, అన్నీ మార్చేస్తాను" అన్నాడు. మార్చే ముందు ఓడిన ఆటలు చూద్దాం రా అన్నాను. మూడు రోజుల్లో 30 ఆటలు చూశాం. ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) వల్ల పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ వేరే చోట పోయాయి, అదీ మళ్లీ మళ్లీ అవే నాలుగైదు చోట్ల.

ఈ స్థాయిలో ఆడేవాళ్లు చాలామంది ఇలాగే ఆగిపోతారు కాబట్టి మాకు కనిపించినవన్నీ రాస్తున్నాను. మీ ఆటలో ఏ లక్షణం ఉందో చూసుకుని ఆ భాగం చదవండి. అన్నీ ఒకేసారి సరిచేయాలని చూడకండి.

ముందు వాడి బలాలు చెప్పాలి. చెయ్యి వేగం. ఫోర్క్, పిన్, డిస్కవర్డ్ చెక్ లాంటి ఎత్తుగడలు కంటికి వెంటనే తగులుతాయి. ఎదుటి రాజు మీదికి బంట్లు తోయడానికి భయపడడు. బలగం (పావులు, బంట్లు) ఇచ్చి దాడి కొనుక్కోవడం వాడికి ఇష్టం. ఈ దూకుడును చంపకూడదు. మన హనుమకొండ కుర్రాడు అర్జున్ ఎరిగైసి కూడా డ్రా వైపు సర్దుకోకుండా ఆటను చిక్కుల్లోకి లాగే రకమే, 2024 డిసెంబర్ ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ జాబితాలో 2801కి చేరాడు. కాబట్టి శైలి మార్చమని నేను ఎవరికీ చెప్పను. ఆ శైలి ఎక్కడ కారుతోందో చూసి అక్కడ మాత్రం పూడ్చాలి.

లక్షణం: గెలిచే ఆటలు చేజారుతున్నాయి

మేం చూసిన వాటిలో అన్నిటికన్నా బాధ పెట్టినవి ఇవే. 18వ ఎత్తుకు ఒక గుర్రం ఎక్కువ. ఇంజిన్ (స్థితిని లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) ప్లస్ 4, అంటే గెలుపు వాడిదే అని చూపిస్తోంది. 35వ ఎత్తుకు ఓటమి. "అప్పటికి గెలిచేశాను కదా, ఎలా పోయింది?" అని వాడే అడుగుతాడు.

కారణం ఆ ప్రశ్నలోనే ఉంది. గెలిచేశాను అనుకున్నాడు. గుర్రం దొరికాక ఆట స్వభావం మారింది, వాడి ఆలోచన మారలేదు. ఇంకా దాడి చేస్తూనే ఉన్నాడు. తన రాజు ముందు బంట్లు ముందుకు తోసి ఉన్నాయి, రెండు రూక్‌లూ ఇంకా మూలల్లోనే ఉన్నాయి. అవతలివాడికి పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి వాడు ప్రతి ఎత్తులోనూ ఏదో ఒక ఉచ్చు పెడతాడు. మనం ఆ ఉచ్చులు చూడం, ఎందుకంటే మన చూపంతా వాడి రాజు మీదే.

దీనికి చేయాల్సింది రెండు చోట్ల ఉంది. మొదటిది ఆటలో. బలగం చేతికి రాగానే ఒక్క 15 సెకన్లు ఆగండి, బ్లిట్జ్ అయినా సరే. నా రాజు క్షేమమేనా, నా పావుల్లో పని లేకుండా కూర్చున్నది ఏది, అవతలివాడు ఒక ఎత్తు ఉచితంగా ఇస్తే ఏం చేస్తాడు? ఈ మూడూ అడగండి. తర్వాత పాత సూత్రమే: ఎక్కువ ఉన్నవాడు పావులు (బంట్లు కానివి) మార్చుకోవాలి, బంట్లు దాచుకోవాలి. తక్కువ ఉన్నవాడు బంట్లు మార్చుకోవాలి, పావులు దాచుకోవాలి. క్వీన్‌లు మార్చుకుంటే ఆట చప్పబడుతుందని మావాడి బాధ. నిజమే, చప్పబడుతుంది. ఒక గుర్రం ఎక్కువ ఉన్నవాడికి అదే కావాలి.

రెండోది ఇంట్లో చేసే సాధన. మీరు పోగొట్టుకున్న గెలుపు స్థితినే తీసుకుని స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ మీద 10 నిమిషాల ఆటగా ఆడి గెలవండి. మొదట్లో ఓడిపోతారు, మావాడు ఒకే స్థితిలో మూడుసార్లు ఓడాడు. నాలుగోసారి గెలిచాక వాడి ముఖం చూడాలి. వందల పజిళ్లు (సరైన ఎత్తు కనిపెట్టే అభ్యాసాలు) ఇవ్వలేని నమ్మకం ఆ ఒక్క స్థితి ఇచ్చింది.

లక్షణం: పజిళ్లలో గొప్ప రేటింగ్, ఆటలో అవే కనబడవు

పజిల్ తెరవగానే మీకో సంగతి ముందే తెలిసిపోతుంది: ఇక్కడ ఏదో ఉంది. ఆటలో ఆ మాట చెవిలో చెప్పేవాళ్లు ఉండరు. ఇంకో లోపం కూడా ఉంది. పజిళ్లలో ఎక్కువసార్లు దెబ్బ కొట్టేది మనం, తినేది అవతలివాడు. అందుకే మన దెబ్బలు కనిపిస్తాయి, మనకు తగలబోయేవి కనిపించవు.

పరిష్కారం బోర్డు తిప్పడం. అవతలివాడు ఎత్తు వేయగానే, నాది ఏది వేయాలి అనే ముందు, ఇప్పుడు మళ్లీ వాడి వంతే అయితే ఏం చేస్తాడు అని చూడండి. చెక్‌లు, కొట్టుడులు, బెదిరింపులు, ఈ వరుసలో. దీనికి బ్లిట్జ్‌లో రెండు సెకన్లు చాలు, అలవాటయ్యాక. అలవాటు కావడానికి మాత్రం నెమ్మది ఆటలే కావాలి.

లక్షణం: గడియారం అయిపోయి ఓటమి

ఆట అయ్యాక లీచెస్ విశ్లేషణలో ఏ ఎత్తుకు ఎంత సమయం పట్టిందో గ్రాఫ్ వస్తుంది. అది చూడండి. మావాడి గ్రాఫ్ ఒకటి చూసి నాకు ఆశ్చర్యం వేసింది. తెలిసిన ఓపెనింగ్‌లో తొమ్మిదో ఎత్తు దగ్గర 40 సెకన్లు. ఆట మలుపు తిరిగిన 22వ ఎత్తు దగ్గర 3 సెకన్లు. అంటే వాడు మొత్తం మీద నెమ్మదిగా ఏమీ ఆడటం లేదు. ఆలోచన పెట్టే చోటు తప్పుతోంది.

ఎక్కడ ఆగాలి? పావులు మార్చుకునే ముందు, బంటును కదిపే ముందు (బంటు వెనక్కి రాదు), ఎండ్‌గేమ్‌లోకి (కొద్ది పావులే మిగిలిన చివరి దశలోకి) దిగే ముందు. మిగతా చోట్ల చెయ్యి పరిగెత్తవచ్చు.

ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకూ కలిసే అదనపు సెకన్లు) లేని ఆటలు తగ్గించమని కూడా చెప్పాను. 40 ఎత్తుల ఆట అనుకుంటే 3+2లో (3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు) మనిషికి 260 సెకన్లు, 5+0లో 300. తేడా పెద్దగా లేదు. కానీ 5+0లో చివరికి జరిగేది చదరంగం కాదు, మౌస్ పందెం. 3+2లో ఎత్తుకు రెండు సెకన్లు వస్తూ ఉంటాయి కాబట్టి గెలిచే ఎండ్‌గేమ్‌ను గెలవనిస్తుంది. వారానికి రెండు మూడు ఆటలైనా 15+10 ఆడాలి. ప్రీమూవ్ (అవతలివాడు వేయకముందే మన ఎత్తు పెట్టేయడం) అలవాటు ఎక్కువగా ఉంటే బ్లిట్జ్‌లో నెల రోజులు సెట్టింగ్స్‌లో ఆపేయండి.

లక్షణం: ఓపెనింగ్ బాగుంది, పన్నెండో ఎత్తు తర్వాత ఏం చేయాలో తెలియదు

మావాడు నల్లపావులతో స్టాఫర్డ్ గాంబిట్ ఆడతాడు. తెలియనివాళ్ల కోసం: రెండు రాజు బంట్లూ రెండేసి గళ్లు వచ్చాక తెల్లగుర్రం ఎఫ్3, నల్లగుర్రం ఎఫ్6, తెల్లగుర్రం ఈ5 బంటును తింటుంది, నల్లవాడు రెండో గుర్రాన్ని సి6లో పెట్టి బంటును వదిలేస్తాడు. గుర్రాలు మారాక తెల్లవాడు బంటును డి3లో పెట్టి, నల్ల బిషప్ సి5కి వచ్చింది కూడా చూసుకోకుండా తన బిషప్‌ను జి5లో పెట్టాడో, నల్లగుర్రం ఈ4 బంటును కొట్టి క్వీన్‌ను ఎర వేస్తుంది. ఆ క్వీన్‌ను తింటే ఎఫ్2 మీద బిషప్ చెక్, తర్వాత రెండో బిషప్ జి4కి, ఆటకట్టు. 1600 దగ్గర ఇది పండగ. 2100 దగ్గర అవతలివాడు బిషప్‌ను ఈ2లో పెట్టి, క్యాస్లింగ్ చేసుకుని, ఒక బంటు ఎక్కువతో హాయిగా ఆడుకుంటాడు.

ఉచ్చు పని చేయనప్పుడు చేతిలో పథకం లేకపోవడమే అసలు కారణం. ఎత్తులు కంఠతా వచ్చు, బంట్ల అమరిక ఏం అడుగుతోందో తెలియదు. ఓపెనింగ్‌లన్నీ మార్చేస్తే కొత్త ఎత్తులు కంఠతా వస్తాయి, జబ్బు అలాగే ఉంటుంది.

అందుకని ఒక్క అమరికతో మొదలుపెట్టించాను. క్వీన్స్ గాంబిట్‌లో డి5 దగ్గర బంట్లు మార్చుకున్నాక వచ్చే అమరిక. తెల్లవాడికి డి4, ఈ3లో బంట్లు, నల్లవాడికి డి5, సి6లో. తెల్లవాడు బి బంటును బి5 దాకా తోసి సి6ను బలహీనం చేస్తాడు. నల్లవాడు గుర్రాన్ని ఈ4కి తెచ్చి రాజు వైపు దాడి వెతుక్కుంటాడు. ఇంతే కథ. ఇది తెలిసినవాడు పుస్తకంలో లేని ఎత్తు వచ్చినా గాభరా పడడు. ఇలాంటి అమరికలు ఏడాదికి నాలుగు నేర్చుకున్నా చాలా ఎక్కువే.

లక్షణం: డ్రా కావాల్సిన ఎండ్‌గేమ్‌లు ఓడిపోవడం

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆన్‌లైన్ ఆటగాళ్లందరూ దీన్ని వదిలేస్తారు. బ్లిట్జ్‌లో చాలా ఆటలు ఇక్కడికి రాకముందే అయిపోతాయి కాబట్టి అనవసరం అనిపిస్తుంది.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్‌ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరులో పద్నాలుగో ఆట గుర్తు చేసుకోండి. స్కోరు సమానం, ఆట డ్రా వైపు నడుస్తోంది. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువే గానీ ఇద్దరికీ ఒక్కో రూక్, ఒక్కో బిషప్ ఉన్నాయి, డింగ్ కాచుకోగలడు. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ను ఎఫ్2కి తెచ్చి రూక్‌ల మార్పిడి అడిగాడు. అతని బిషప్ ఏ8 మూలలో ఇరుక్కుని ఉంది. గుకేశ్ రూక్‌లు మార్చుకుని తన బిషప్‌ను డి5లో నిలబెట్టాడు. ఇక బిషప్‌ల మార్పిడి తప్పదు. మిగిలింది బంట్ల ఎండ్‌గేమ్, అది పోయినట్టే. 58 ఎత్తుల్లో ఆట ముగిసింది, గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచ ఛాంపియన్‌గా కూర్చున్న డింగ్‌కే ఒక్క మార్పిడి దగ్గర అలా జరిగింది.

మావాడు ఓడిన ఎండ్‌గేమ్‌లలోనూ ఇదే జబ్బు. పావులు తగ్గితే డ్రా దగ్గర పడుతుందని నమ్మి చివరి పావును మార్చేసుకుంటాడు. బంట్ల ఎండ్‌గేమ్‌లో ఒక బంటు తక్కువ ఉంటే ఎక్కువసార్లు ఓటమే. అదే బంటు తక్కువతో రూక్ ఎండ్‌గేమ్ ఎన్నోసార్లు నిలబడుతుంది. కాబట్టి చివరి పావు మార్చుకునే ముందు, మిగిలే బంట్ల ఆటను చివరిదాకా లెక్కపెట్టాలి. లెక్క తేలకపోతే మార్చుకోవద్దు.

రూక్ ఎండ్‌గేమ్‌లో రెండు స్థితులు నిద్రలో లేపినా చెప్పగలగాలి. ఒకటి ఫిలిడోర్, కాచుకునేవాడిది. మీ రాజు బంటు దారిలో నిలబడాలి, మీ రూక్ మీ వైపు నుంచి మూడో వరుసలో కాపలా ఉండాలి, అవతలి రాజు ఆ వరుస దాటలేడు. వాడు బంటును ఆ వరుసలోకి తోసిన క్షణాన మీ రూక్ బోర్డు ఆ చివరకు వెళ్లి వెనక నుంచి చెక్‌లు మొదలుపెట్టాలి. రాజుకు దాక్కునే చోటు ఉండదు. రెండోది లుసెనా, గెలిచేవాడిది. బంటు ఏడో వరుసలో, రాజు దాని ముందు ఎనిమిదో వరుసలో, అవతలి రాజును ఒక ఫైల్ (నిలువు వరుస) అవతల ఆపారు. రూక్‌ను నాలుగో వరుసకు తెచ్చి చెక్‌లకు అడ్డంగా వంతెన కట్టాలి. ఇద్దరు స్నేహితులు కూర్చుని పాత్రలు మార్చుకుంటూ పదిసార్లు ఆడితే ఒక సాయంత్రంలో వస్తాయి.

లక్షణం: ఒక ఓటమి తర్వాత వరుసగా ఆరు

రాత్రి పదకొండు దాటాక, పోయిన పాయింట్లు తెచ్చుకుని పడుకుందామని. కారణం చెప్పనక్కర్లేదు. వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు ఆపేయాలి, ఇది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి పెట్టుకోవాలి. కోనేరు హంపి 2024 న్యూయార్క్ మహిళల వరల్డ్ రాపిడ్‌లో మొదటి రౌండ్ ఓడిపోయింది. తర్వాత పది రౌండ్లు ఆడి 11కి 8.5తో టైటిల్ గెలిచింది. ఓటమికీ తర్వాతి ఆటకీ మధ్య ఆమెకు లేచి తిరిగే విరామం ఉంది. మనకు రీమ్యాచ్ బటన్ ఉంది, తేడా అక్కడే.

లక్షణం: ఆటలు విశ్లేషిస్తున్నా ఏమీ మారడం లేదు

ఇంజిన్ ఆన్ చేయడం, ఎర్ర గుర్తులు చూడటం, "అబ్బా, ఇక్కడ రూక్ వెళ్లాల్సింది" అనుకోవడం, మూసేయడం. ఇంజిన్ సమాధానం చెబుతుంది, మీరు ఎందుకు చూడలేదో చెప్పదు. గుకేశ్ తన మొదటి ఏళ్లలో కోచ్ విష్ణు ప్రసన్న మాట ప్రకారం ఇంజిన్ జోలికి వెళ్లకుండానే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, అదీ 2019లో 12 ఏళ్ల వయసులో.

ఓడిన ఆటను ముందు ఇంజిన్ లేకుండా చూడండి. ఆట తిరిగిందనుకున్న చోట, ఆ క్షణంలో ఏం అనుకున్నారో ఒక వాక్యం రాయండి. ఆ తర్వాతే స్టాక్‌ఫిష్. మావాడి నోట్‌బుక్‌లో "చూడలేదు" అన్న మాటకన్నా "చూశాను కానీ వాడు వేయడనుకున్నాను" అన్నది ఎక్కువసార్లు ఉంది. దాన్ని ఏ ఇంజినూ పట్టుకోలేదు.

లక్షణం: ఆన్‌లైన్‌లో 2100, టోర్నమెంట్‌లో 1600 వాళ్ల చేతిలో ఓటమి

ముందుగా, ఈ రెండు అంకెలూ ఒకటి కావు. లీచెస్‌లో లెక్క 1500 దగ్గర మొదలవుతుంది, ఫిడేలో 1400 అట్టడుగు. కాబట్టి సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. అసలు కారణాలు వేరే. స్క్రీన్ మీద పై నుంచి చూసే కన్ను, చెక్క పావులను పక్క నుంచి చూసేసరికి బిషప్ దారులను మరిచిపోతుంది. 90 నిమిషాలు చేతిలో ఉన్నా బ్లిట్జ్ చెయ్యి ఆగదు. మావాడు హైదరాబాద్‌లో మొదటి క్లాసికల్ ఆటను 25 నిమిషాల్లో ముగించి బయటికొచ్చాడు, ఓడిపోయి.

ఇంట్లో నిజమైన బోర్డు పెట్టుకుని ఆన్‌లైన్ 15+10 ఆటను దాని మీద కూడా వేస్తూ ఆడండి. పజిళ్లు కూడా బోర్డు మీదే. తాకిన పావును కదపాల్సిందే కాబట్టి ఆలోచించేటప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. ప్రతి ఎత్తునూ స్కోర్ షీట్‌లో రాయడం ఇప్పటి నుంచే సాధన చేయండి. వేశాకే రాయాలి, రాసి వేయడం నిబంధనలకు విరుద్ధం. ఎత్తుకు 30 సెకన్లు వచ్చే ఆటలో చివరిదాకా రాయాల్సిందే. మావాడు ఇప్పుడు షీట్‌లో ప్రతి ఎత్తు పక్కనా మిగిలిన నిమిషాలు కూడా వేస్తున్నాడు. మొన్నటి ఆటలో 20వ ఎత్తు పక్కన 61 అని ఉంది.