విల్లు కోసం చెట్టును ఎంచుకుని, నరికి, ఆరబెట్టడం

విల్లు వంగినప్పుడు విలుకాడికి ఎదురుగా ఉండే లోపలి వైపు నొక్కుకుంటుంది, లక్ష్యం వైపున్న వీపు సాగుతుంది. ఆ వీపు మీద చెక్క నార ఒక్కచోట తెగి ఉన్నా విల్లు అక్కడే విరుగుతుంది. కాబట్టి నరకడం మొదలుకొని ఆరబెట్టడం వరకు ప్రతి పనీ ఆ నారను తెగకుండా కాపాడేందుకే జరగాలి.

యూ, ఓసేజ్ ఆరెంజ్, బ్లాక్ లోకస్ట్, హికరీ, యాష్, ఎల్మ్ చెట్లు ఈ పనికి పేరు పొందినవి. నరకడానికి అనుమతి ఉన్న చోట 15 నుంచి 25 సెంటీమీటర్ల వ్యాసంతో, కనీసం రెండు మీటర్ల మేర కొమ్మలూ ముడులూ లేని నిటారు మానును ఎంచుకోవాలి. బెరడు మీది గాడులు మాను చుట్టూ మెలితిరిగి పైకి పోతున్నాయంటే లోపలి చెక్క కూడా అలాగే మెలితిరిగి ఉంటుంది కనుక, ఎంత ముచ్చటగా కనిపించినా దానిని వదిలేయడమే మంచిది.

చలికాలంలో నరికితే పురుగుల, బూజుల బెడద తక్కువ. హికరీ, ఎల్మ్ వంటివాటిని వసంతంలో నరికితే బెరడు చేత్తోనే ఊడివచ్చి, కత్తి తగలని నున్నటి వీపు దక్కుతుంది. ఆ సౌలభ్యం కోసం నేనైతే వసంతానికే మొగ్గు చూపుతాను.

చెక్కలోని తేమ పక్కల కంటే కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కాబట్టి, దుంగను కోసిన వెంటనే రెండు కొసలకూ మైనమో, కొయ్య జిగురో, పాత రంగో దట్టంగా పూయాలి. ఇది మరునాటికి వాయిదా వేస్తే కొసల్లో పగుళ్లు పడి, విల్లు కోసం దుంగ నుంచి తీసే బద్ద పొట్టిదవుతుంది.

తరువాత దుంగను రంపంతో కోయకుండా చీల్చాలి. రంపం నార దారిని పట్టించుకోదు. చీలిక మాత్రం నార వెంటే నడుస్తుంది. ఒక కొస పలుచగా ఉన్న ఇనుప మేకును దుంగ చివర నడిమికి సమ్మెటతో దిగగొట్టి, పడిన చీలికలో మరో మేకును కొంచెం ముందుగా దించుతూ పోతే దుంగ రెండుగా విడిపోతుంది. ఆ సగాలను మళ్లీ చీల్చి, ఆరేడు సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గని బద్దలు తీయాలి.

హికరీ, యాష్ వంటి తెల్ల చెక్కల్లో బెరడు కిందనున్న పొరే వీపవుతుంది. ఓసేజ్ ఆరెంజ్, బ్లాక్ లోకస్ట్‌లలో పైనున్న లేత చెక్కను తీసేసి, చేవలోని ఒకే ఒక వార్షిక వలయాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగనివ్వకుండా బయటపెట్టాలి. మొత్తంలో ఎక్కువ ఓర్పు కోరే పని ఇదే. యూలో మాత్రం సాగే గుణమున్న లేత చెక్కను పలుచని పొరగా వీపు మీద ఉంచుతారు. బెరడు తీసిన వీపుకు కూడా వెంటనే పూత వేయాలి.

బద్దలను నేలకు ఎత్తులో, నీడలో, గాలి ఆడే చోట పేర్చాలి. 2.5 సెంటీమీటర్ల మందానికి ఏడాది పడుతుందనేది పాత లెక్క. బద్దను ముందే విల్లు ఆకారానికి దగ్గరగా మోటుగా చెక్కి, వంకర పోకుండా తిన్నని పలకకు బిగిస్తే కొద్ది నెలల్లోనే ఆరుతుంది. వారానికోసారి తూచి బద్ద మీదే బరువు రాస్తూ, తగ్గడం ఆగేదాకా వేచి ఉండాలి.

విల్లుకు 8 నుంచి 10 శాతం తేమ తగినది. అంతకు మించితే విల్లు వంగిన చోటే నిలిచిపోతుంది, మరీ తగ్గితే పెళుసుబారుతుంది. అనుమానముంటే బద్ద చివరి నుంచి చిన్న ముక్క కోసి తూచి, బరువు స్థిరపడేదాకా సుమారు 103 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓవెన్‌లో ఎండబెట్టాలి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగిస్తే తేమ తెలుస్తుంది: 55 గ్రాముల ముక్క 50 గ్రాములైతే తేమ 10 శాతం, ఇక ఆ బద్దను చెక్కడం మొదలుపెట్టవచ్చు.