పని చెబితే మొహం మాడ్చుకుంటున్నారా? వార్డులో తేడా ఎక్కడ కొడుతోందో చూడండి

వార్డులో నర్సింగ్ అసిస్టెంట్ గురించి "ఆమెకు యాటిట్యూడ్ ఎక్కువ" అని ఏ నర్సయినా నా దగ్గరికి వస్తే, నేను ముందు అడిగేది ఒకటే: ఆమెకు పని ఏమని చెప్పారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సగం గొడవలకు మూలం అక్కడే దొరుకుతుంది. మిగతా సగం నిజంగానే మర్యాద లేకపోవడం. ఈ రెండింటినీ కలిపేస్తే ఏదీ తెగదు.

సమస్య: చెప్పిన పని కాలేదు. అడిగితే "నాకెవరు చెప్పారు?"

నర్సు గబగబా నడుస్తూ "6వ బెడ్ కాస్త చూసుకో" అంది. ఆమె ఉద్దేశం రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, మూత్రం ఎంత వచ్చిందో రాయాలని. అసిస్టెంట్‌కు అర్థమైంది మాత్రం బెల్ కొడితే వెళ్లాలని. షిఫ్ట్ చివర చార్ట్ ఖాళీ. ఇద్దరికీ కోపం, ఇద్దరిదీ న్యాయమే.

పరిష్కారం: ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి, ఏం కనిపిస్తే వెంటనే చెప్పాలి, ఈ మూడూ నోటితో రావాలి. "6వ బెడ్ ఆయనకు 10కి, 12కి బీపీ చూడండి. పై అంకె 100 కన్నా తగ్గినా, తల తిరుగుతోందని ఆయన అన్నా రాయడం తర్వాత, ముందు నన్ను పిలవండి." (100 అన్నది ఈ రోగికి పెట్టుకున్న హద్దు, అందరికీ కాదు.) తర్వాత "అర్థమైందా?" అని అడగొద్దు, ఎవరైనా అర్థమైందనే అంటారు. "నన్ను ఎప్పుడు పిలుస్తారో ఒకసారి చెప్పండి" అనండి.

అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పని అప్పగించడానికి ఐదు సూత్రాలు చెప్పింది: సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. నేను చూసినంతలో మొదటి మూడింటి దగ్గర పెద్దగా తప్పు జరగదు. తిట్లన్నీ చివరి రెండింటి దగ్గరే పుడతాయి.

సమస్య: పని చెప్పగానే నిట్టూర్పు, కళ్లు తిప్పడం, "మీరు కూర్చునే ఉన్నారుగా"

ఆ అసిస్టెంట్‌ వెంట ఒక గంట తిరిగి చూడండి. నలుగురు నర్సులు నాలుగు పనులు చెప్పి ఉంటారు, నలుగురివీ "అర్జెంటే". లేదా ఆమె వాటాకు ఎప్పుడూ బెడ్‌పాన్‌లు, దుప్పట్లే వస్తుంటాయి. లేదా మూడేళ్లుగా అక్కడే పనిచేస్తున్నా ఆమెను "ఏయ్" అనే పిలుస్తుంటారు. పనిచేసే చోట అమర్యాద గురించి ఆండర్సన్, పియర్సన్ అనే పరిశోధకులు 1999లో రాసిన వ్యాసం సరిగ్గా ఇదే చెబుతుంది: ఇది చిన్నగా, కావాలని చేశారో లేదో తేలని విధంగా మొదలై, మాటకు మాట పెరుగుతూ పోతుంది.

పరిష్కారం: షిఫ్ట్ మొదట్లో మూడు నిమిషాలు నిలబడి ఎవరు ఏ బెడ్లు చూసుకోవాలో తేల్చుకోండి. రెండు పనులు ఒకేసారి వస్తే ఏది ముందో ఒక్కరే చెప్పాలి. పేరు పెట్టి పిలవండి, చేశాక "థాంక్సండీ" అనండి. పని అప్పగించిన నర్సు తను ఖాళీగా ఉన్నప్పుడు ఒక దుప్పటి మార్చినా ఆ నిట్టూర్పు తగ్గుతుంది.

సమస్య: "నా వల్ల కాదు"

రాదా, టైమ్ లేదా, ఇష్టం లేదా? ముందు అది అడగండి. రాని పని వద్దన్నవాళ్లను మెచ్చుకోవాలి. టైమ్ లేకపోతే పని పంచాలి. ఇష్టం లేకపోవడం మాత్రమే ఇన్‌ఛార్జి దాకా వెళ్లాల్సిన సంగతి.

సమస్య: ఎవరికీ ఏదీ చెప్పకుండా అన్నీ తనే చేసుకునే నర్సు

ఈమెపై ఫిర్యాదు ఉండదు కాబట్టి ఎవరికీ కనిపించదు. ఒకప్పుడు పని చెప్పి మాట పడి ఉంటుంది. "తేడా వస్తే నా మెడకే" అన్న భయం కూడా. అందులో నిజం ఉంది: రోగి స్థితిని అంచనా వేయడం, ప్లాన్ చేయడం, ఫలితం చూసి నిర్ణయించడం ఇంకొకరికి ఇవ్వకూడదు. కానీ అన్నీ నెత్తినేసుకుంటే ఎగిరిపోయేవి నోరు శుభ్రం చేయడం, నడిపించడం, పక్కకు తిప్పడం. వదిలేసిన నర్సింగ్ సేవలపై 2006లో నర్సింగ్ పరిశోధకురాలు బియాట్రిస్ కాలిష్ రాసినప్పుడు, పని సరిగా అప్పగించకపోవడాన్నీ ఒక కారణంగా చూపించారు. నిలకడగా ఉన్న ఒక్క రోగిది, ఒక్క పని అసిస్టెంట్‌కు ఇచ్చి, గంట తర్వాత వెళ్లి చూడమని ఆ నర్సుకు చెప్పండి. రెండు వారాల్లో భయం కాస్త సడలుతుంది.

సమస్య: పని సరిగ్గానే చెప్పారు, అయినా నలుగురిలో అవమానం

ఇక్కడ పని చెప్పిన తీరులో కారణం వెతకొద్దు. ఇది అమర్యాదే, రోగికి కూడా ప్రమాదం. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఐసీయూ బృందాలు 24తో చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. బయటి నిపుణుడు కొన్ని దురుసు మాటలు అన్నాడంతే. ఆ మాటలు విన్న బృందాలు జబ్బు గుర్తించడంలోనూ, చికిత్సలోనూ వెనకబడ్డాయి. ఒకరినొకరు సాయం అడగడమూ తగ్గింది.

ఆ క్షణంలో మాట తట్టదు, అందుకే ముందే సిద్ధం చేసుకోవాలి. నర్సింగ్ పరిశోధకురాలు మార్తా గ్రిఫిన్ 2004లో కొత్త నర్సులకు ఇలాంటి జవాబులు కార్డుల మీద రాసిచ్చి సాధన చేయించారు. నాది ఇది: "అక్కా, ఆ సంగతి విడిగా మాట్లాడదాం. ఇప్పుడు ఈ పేషెంట్‌కు ఏం కావాలో చెప్పండి." గొంతు వణికినా ఫర్వాలేదు. అదే రోజు విడిగా కూర్చుని ఏం అన్నారో, దానివల్ల ఏ పని ఆగిందో చెప్పండి. మళ్లీ జరిగితే తేదీ, టైమ్, అన్న మాటలు, విన్నవాళ్ల పేర్లు రాసి ఇన్‌ఛార్జికి ఇవ్వండి. బెదిరింపో, చెయ్యెత్తడమో అయితే రెండోసారి దాకా ఆగొద్దు. ఆ మాటలన్నది ఇన్‌ఛార్జే అయితే, అదే కాగితం ఆమె పై అధికారికి ఇచ్చి, ఒక కాపీ దగ్గర ఉంచుకోండి.